వానపాముల ప్రాజెక్టు

బయట వాన. గేటు ముందు బస్సు ఆగిపోయింది. ఎవరో మనిషి దారికి అడ్డంగా గొంతుక్కూర్చున్నాడు.

తావ్ వెన్‌యింగ్‌కి అప్పటికే ఒళ్ళు హూనమైపోయింది. తెల్లవారకముందే విమానాశ్రయానికి పరిగెత్తి, జర్మనీ నుంచి వచ్చిన శాస్త్రవేత్తల్ని కలుసుకుని, వాళ్ళలో ఒకాయన పోగొట్టుకున్న సూట్‌కేసు కోసం కౌంటర్ల చుట్టూ తిరిగి, బీజింగ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఎట్టకేలకు ఆఫీసు గేటు దాకా వచ్చింది. లోపల్నుంచి డైరెక్టర్ లువో గారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు.

గొడుగు కూడా తీసుకోకుండా బస్సు దిగింది.

"ఏమండీ! కూర్చోవడానికి మీకింకెక్కడా చోటు దొరకలేదా? లేవండి!"

ఆ మనిషి తలెత్తాడు. గోధుమరంగు గడ్డం, నీళ్ళు కారుతున్న కళ్ళద్దాలు. అరచేతిలో ఒక వానపాము.

"ఒక్క నిమిషం," అన్నాడు వచ్చీరాని చైనీసులో. "వీరు దాటుతున్నారు. వెనక ఇంకో ముగ్గురు గారు ఉన్నారు."

బస్సులో ఎవరో ఫక్కున నవ్వారు. వెన్‌యింగ్ అతని మెళ్ళో బ్యాడ్జీ చూసింది. డాక్టర్ టిల్మన్ రోడె, హాలే విశ్వవిద్యాలయం, జర్మనీ. బృందంలో ముందు రోజే వచ్చేసిన మనిషి ఇతనన్నమాట.

"జర్మన్‌లో చెప్పండి, నాకొచ్చు," అంది.

"అయ్యో! ముందే చెప్పకూడదూ? ఇంతసేపూ నా చైనీసు విన్నారా?"

"విన్నాను. వానపాముల్ని గారూ గారూ అంటున్నారు. వానలో తడుస్తున్న నన్ను మాత్రం ఒక్కసారైనా గారూ అనలేదు."

అతను చటుక్కున లేచి నిలబడ్డాడు. "క్షమించండి మేడమ్. కాస్త పక్కకు జరుగుతారా? మీ కాలి కింద ఒకరున్నారు."

జర్మన్, చైనీస్ శాస్త్రవేత్తలు ఒకరి దేశానికి ఒకరు వెళ్ళి కలిసి పరిశోధన చేసుకోవడానికి డబ్బు ఇచ్చే ఆఫీసు అది. రెండు దేశాల తరఫునా ఒప్పుకుంటేనే ఏ ప్రాజెక్టుకైనా డబ్బు వస్తుంది. వచ్చిన దరఖాస్తులు చూడటం, కమిటీ ముందు పెట్టడం, వచ్చినవాళ్ళని తిప్పడం, వాళ్ళ మాటలు వీళ్ళకీ వీళ్ళ మాటలు వాళ్ళకీ చెప్పడం, ఎవరు పంది మాంసం తినరో గుర్తుపెట్టుకోవడం, ఇదంతా వెన్‌యింగ్ ఉద్యోగం. చదువుకునే రోజుల్లో జర్మన్ భాష మీద ఇష్టంతో ఇందులో చేరింది. ముప్ఫై అయిదు దాటేసరికి ఇష్టం ఎక్కడో జారిపోయి, భాష ఒక్కటే మిగిలింది.

టిల్మన్ దరఖాస్తు కూడా ఆమె బల్ల మీదే ఉంది. గోధుమ పొలాల్లో వానపాములు మట్టిని ఎలా బాగుచేస్తాయో మూడేళ్ళు చూడాలని అతని కోరిక. చైనా వైపు భాగస్వామి యాంగ్లింగ్‌లో ఉండే ప్రొఫెసర్ గెంగ్.

మర్నాడు అందరూ ఆయన పొలాలు చూడటానికి బయల్దేరారు. శీఆన్‌లో రైలు దిగి బస్సెక్కారు. గెంగ్ గారు గొంతున్న మనిషి. బస్సులో లేచి నిలబడి నేల గురించి, నీళ్ళ గురించి, కుర్ర శాస్త్రవేత్తల బద్ధకం గురించి దంచేస్తున్నారు. వెన్‌యింగ్ మైకు పట్టుకుని అనువాదం చేస్తూ చేస్తూ, ఒక వాక్యం మధ్యలో, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

కళ్ళు తెరిచేసరికి మైకు టిల్మన్ చేతిలో ఉంది. గెంగ్ గారు ఊపిరి తీసుకోకుండా చాలాసేపు మాట్లాడి ఆగారు. టిల్మన్ గంభీరంగా జర్మన్‌లో, "ప్రొఫెసర్ గారికి మనం వచ్చినందుకు సంతోషంగా ఉంది," అన్నాడు.

"అంతేనా?" అడిగారు వెనకనుంచి.

"చాలా సంతోషంగా ఉంది."

బస్సంతా గొల్లుమంది. వెన్‌యింగ్ సిగ్గుతో మైకు లాక్కోబోయింది.

"వద్దు, పడుకోండి," అన్నాడు మెల్లగా. "నేను కనీసం ఇంకో అయిదు సంతోషాలు చెప్పగలను."

ఆ సాయంత్రం విందులో గెంగ్ గారు జొన్న సారా చిన్న చిన్న గ్లాసుల్లో పోయించి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చారు. వెన్‌యింగ్ వంతు వచ్చినప్పుడల్లా పక్కనున్న టిల్మన్, "ఆవిడ వంతు నాది," అంటూ తాగేశాడు. కాసేపటికి ముక్కు ఎర్రబడిపోయింది.

"మీరెందుకింత కష్టపడుతున్నారు?" అంది ఆమె నవ్వాపుకుంటూ.

"మీకు నిద్ర కావాలి. నాకు ఎలాగూ రావట్లేదు."

"ఎందుకు రావట్లేదు?"

అతను గ్లాసు పక్కన పెట్టాడు. "నలభై ఏళ్ళొస్తున్నాయండీ. ఇన్నేళ్ళూ నాది ఎప్పుడూ కాంట్రాక్టు ఉద్యోగమే. ఇల్లు అద్దెకు అడిగితే, ఎన్నాళ్ళుంటారంటారు. తెలీదంటాను. పెళ్ళి చేసుకుంటానన్న అమ్మాయి కూడా అదే అడిగింది. ఆమెకీ అదే చెప్పాను. ఈ కాంట్రాక్టు కూడా వచ్చే వేసవితో సరి. ఈ ప్రాజెక్టు రాకపోతే మా అక్క పూలమొక్కల నర్సరీలో పనికి వెళ్తాను. మంచి పనే. కాని అలిసిపోయానండీ. ప్రతిసారీ నేను పనికొస్తానని ఎవరికో ఒకరికి రాసి చూపించుకోవాలి."

వెన్‌యింగ్ తనకే తెలీకుండా, "నేను ఎంతమందికి టికెట్లు కొన్నానో చెప్పలేను. నా కోసమంటూ ఒక్క ప్రయాణం చేయలేదు," అంది.

"ఎక్కడికి వెళ్ళాలనుంది?"

"ఎక్కడికైనా. ఎవరినీ లెక్కపెట్టుకోకుండా బస్సెక్కాలనుంది."

అప్పుడే గెంగ్ గారు తూలుతూ వచ్చి ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించాననుకుని అరిచారు. "అమ్మాయ్, ఈ జర్మన్ అబ్బాయి బంగారం! వాడి ఉద్యోగం ఊడితే నేనిస్తాను. మా డిపార్టుమెంటులో కుర్చీ వేయిస్తాను. వాడికి చెప్పకు, ఇప్పుడే నెత్తికెక్కుతాడు!"

మిగతా రోజుల్లో అతను పొలంలో మట్టి తవ్వుతుంటే ఆమె గట్టు మీద నిలబడి మాటలు అనువదించింది. అతని బూట్లు ఎప్పుడూ బురదే. అతని జోకులకు జర్మన్లు నవ్వేవాళ్ళు కాదు. ఆమె అనువదిస్తే చైనీయులు నవ్వేవాళ్ళు. "నాకంటే మీరే బాగా చెప్తున్నారు," అనేవాడు. "మీరు చెప్పనివి చెప్తున్నాను," అనేది.

బీజింగ్ తిరిగొచ్చిన సాయంత్రం మళ్ళీ వాన పట్టుకుంది. ఇద్దరూ ఆఫీసు వెనక సందులో నూడుల్స్ దుకాణంలోకి దూరారు. అతను గిన్నెలో వెనిగర్ మరీ ఎక్కువ పోసేసుకున్నాడు. తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నవ్వుకున్నారు. నవ్వు ఆగాక, ఆగిన చోటే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

"వెన్‌యింగ్ గారూ, మిమ్మల్నొక మాట అడగాలి."

ఆఫీసులో తన బల్ల మీదున్న అతని దరఖాస్తు ఆమె కళ్ళముందు మెదిలింది.

"ఇప్పుడొద్దు. దయచేసి అడగకండి."

అతని మొహం వాడిపోయింది. "అలాగే," అన్నాడు. గిన్నె ఖాళీ చేసి, ఆమెకు గొడుగిచ్చి, తను తడుస్తూ హోటల్‌కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె డైరెక్టర్ గదిలోకి వెళ్ళింది.

"మేడమ్, రోడె గారి ప్రాజెక్టు నేను చూడకూడదు. ఇంకొకరికివ్వండి."

లువో గారు కళ్ళద్దాల మీదుగా చూశారు. "ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు."

"మరి?"

"జరగాలనుంది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మంచిపని చేశావు," అన్నారు. "జిన్‌కి ఇస్తాను. నిర్ణయం వచ్చేదాకా అతనితో మాట్లాడకు. ఆ ప్రాజెక్టు గురించి ఇక్కడ కూడా ఎవరితోనూ ఒక్క ముక్క అనకు. మంచిగానైనా సరే, చెడుగానైనా సరే."

"అలాగే మేడమ్."

అతన్ని విమానమెక్కించడానికి ఆమెకు బదులు జిన్ వెళ్ళింది. "ఆవిడకు ఒంట్లో బాగోలేదా అని అడిగాడు," చెప్పింది జిన్ తిరిగొచ్చి. "బాగానే ఉందన్నాను. అయితే మొహం అదోలా పెట్టాడు. ఏంటమ్మా సంగతి?"

"ఏం లేదు జిన్ అక్కా."

ఆకులు పసుపెక్కుతుండగా కమిటీ కూర్చుంది. వెన్‌యింగ్ పక్క గదిలో మరో బృందానికి హోటల్ గదులు మాట్లాడుతూ, తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తింది. మధ్యాహ్నానికి జిన్ బయటికొచ్చి కుర్చీలో కూలబడింది.

"వానపాములు పోయాయే. అందరికీ నచ్చింది. చివర్లో ఒకాయన, ఈయన కాంట్రాక్టు వచ్చే వేసవితో అయిపోతుంది కదా, ఆ తర్వాత పని ఎవరు చేస్తారన్నాడు. జవాబు చెప్పడానికి నా దగ్గరేముంది? పక్కన పెట్టేశారు."

వెన్‌యింగ్ చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. జవాబు ఆమె దగ్గర ఉంది. జొన్న సారా వాసనతో సహా గుర్తుంది. ఆ గదిలో తను ఉండుంటే లేచి, గెంగ్ గారికి ఇప్పుడే ఫోన్ చేయండి అనేది. ఒక్క మాట. ఆ మాట తన నోట్లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి తల్లి ఫోన్ చేసి ఏడుస్తున్నావా అంటే, జలుబంది. తల్లి నమ్మలేదు.

"ఎవడు వాడు?"

"జర్మన్. వానపాముల మీద పరిశోధన చేస్తాడు."

"ఉద్యోగం?"

"పోతోంది. నా వల్లే."

తల్లి నిట్టూర్చింది. "ఇంతకాలం మంచి ఉద్యోగాలున్నవాళ్ళని చూపిస్తే ఒక్కడి కోసమైనా ఏడ్చావా? వెళ్ళి ఆ మాట వాడితోనే చెప్పు. నాకు చెప్తే ఏం లాభం?"

ఆ నెలాఖరుకి ఆమె జిన్‌తో కలిసి ఒక బృందాన్ని వెంటబెట్టుకుని జర్మనీలోని బాన్ వెళ్ళాల్సి వచ్చింది. శనివారం వాళ్ళందరినీ జిన్‌కి అప్పగించి, సొంత డబ్బుతో హాలేకి టికెట్ కొనుక్కుంది. ముందు రోజే అతనికి రెండు ముక్కలు పంపింది: హాలే వస్తున్నాను, మిమ్మల్ని చూడాలి. స్టేషన్‌లో ఉంటానని జవాబొచ్చింది. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

జర్మన్ రైళ్ళు ఆమెకు కొత్త కాదు. మొదటిది ఆలస్యం, దాంతో రెండోది తప్పిపోయింది, మూడోదాంట్లో కూర్చోవడానికి చోటు లేదు. హాలేలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ప్లాట్‌ఫారం మీద టిల్మన్ చల్లారిపోయిన రెండు కాఫీలతో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు. లేచాడు గానీ ఏం చేయాలో తెలీక, ఒక కాఫీ చేతికిచ్చాడు.

"అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నారా?"

"రైలు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. దారంతా కూర్చుకున్న మాటలన్నీ ఆమెకు చెల్లాచెదురయ్యాయి.

"మీ ప్రాజెక్టు పోయింది నా వల్ల," అనేసింది. కమిటీలో వచ్చిన ప్రశ్న, తనకు తెలిసిన జవాబు, అన్నీ చెప్పింది. "నేనుండుంటే వచ్చేది. నేను లేను."

అతను కాఫీ కప్పులోకి చూస్తూ విన్నాడు. "నేనింకోలా అనుకున్నాను. ఆ రోజు నేను అడగబోయింది మీకర్థమై, ఇష్టంలేక, తప్పుకున్నారనుకున్నాను. నా ప్రాజెక్టును మీరే వద్దన్నారేమోనని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. మళ్ళీ అదే అనుకున్నాను. మీరెందుకు లేరు?"

"మీరంటే ఇష్టం కాబట్టి. ఇష్టం పెట్టుకుని ఆ గదిలో కూర్చోకూడదు కాబట్టి."

రైలొకటి వచ్చి, కొందరిని దింపి, వెళ్ళిపోయింది. అతని భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడని భయపడింది. నవ్వుతున్నాడు.

"ఎన్ని అప్లికేషన్లు పోగొట్టుకున్నానో! ఇంత మంచి కారణంతో ఒక్కటీ పోలేదు."

"నవ్వకండి. మీ జీవితం అది."

"తెలుసు," అన్నాడు నవ్వు ఆపి. ఆమె చెయ్యి అందుకున్నాడు. గోళ్ళలో మట్టి ఇంకా ఉంది. "గెంగ్ గారు పోయిన వారం ఉత్తరం రాశారు. యాంగ్లింగ్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం. జీతం తక్కువ. వద్దని రాశాను."

"ఎందుకు?"

"అక్కడికి వెళ్ళాలంటే మీరుండే బీజింగ్‌లో దిగాలి కదా."

వెన్‌యింగ్ అతని వంక ఒక్క క్షణం చూసి, ఫోన్ తీసి గెంగ్ గారి నంబరు నొక్కింది. అక్కడ అప్పుడే భోజనాలయ్యే వేళ.

"ఎవరూ? వెన్‌యింగ్? ఏ ప్రాజెక్టు గురించి?"

"ప్రాజెక్టు కాదు ప్రొఫెసర్ గారూ. రోడె గారు వద్దన్న ఉద్యోగం ఇంకా ఉందా?"

"ఉండక ఏమవుతుంది! మట్టి కోసం ఇంత దూరం వచ్చి తవ్వేవాడు నాకింకొకడు దొరుకుతాడా? కాని ముందే చెప్పు వాడికి. క్వార్టర్సు చిన్నది, ఒక్క మనిషికే సరిపోతుంది. తర్వాత గొణగకూడదు."

"సెలవు రోజుల్లో నేనూ వస్తే సరిపోదా?"

అడిగాక గానీ ఏమడిగిందో ఆమెకు తెలియలేదు. అవతల గెంగ్ గారి గొంతు ఫోన్ పగిలేలా వినిపించింది. "ఏమేవ్! ఇలా రా! తొందరగా రా! మన వెన్‌యింగ్ ఏమంటోందో విను!"

కుర్చీ జరిపిన చప్పుడు, చెప్పుల చప్పుడు. ఆయన భార్య ఫోన్ లాక్కున్నట్టుంది.

"అమ్మాయ్, ఎక్కడున్నావు? జర్మనీలోనా? వాడు పక్కనే ఉన్నాడా? సరే, అవన్నీ తర్వాత. ముందు అన్నం తిన్నావా లేదా చెప్పు."

వెన్‌యింగ్ ఫోన్ చెవికి నొక్కిపట్టుకుంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఎన్నేళ్ళుగానో ఎందరికో భోజనాలు అమర్చింది. నువ్వు తిన్నావా అని ఆమెను అడిగినవాళ్ళు లేరు.

"ఏమంటున్నారు?" టిల్మన్ కంగారుగా అడిగాడు. "ఉద్యోగం లేదంటున్నారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను అన్నం తిన్నానా అని అడుగుతున్నారు."

"తిన్నావా?"

"లేదు."

అతను లేచి ఆమె సంచీ భుజాన వేసుకున్నాడు. రెండు కాఫీలూ చెత్తబుట్టలో పడేసి చెయ్యి చాచాడు.

"పద," అన్నాడు.