లికోండె పడవల పందెం

తెర మీది పటంలో మలావీ దేశం ఎర్రబడుతోంది.

పొద్దుటి నుంచీ ‘నిక్కం’ అనే మెషీన్ పనిచేస్తూనే ఉంది. విశాఖపట్నంలో, సముద్రం కనిపించే ఒక గదిలో, దాన్ని తయారుచేసిన డాక్టర్ వేదుల సుభాషిణి చేతులు కట్టుకుని చూస్తోంది. పక్కనే రెహానా టీచర్. అనకాపల్లి హైస్కూల్లో సోషల్ చెబుతుంది. తీరిక దొరికితే చాలు, ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఉమ్మడి విజ్ఞానకోశంలో ఆఫ్రికా దేశాల వ్యాసాలు సరిచూస్తుంటుంది. మలావీ వ్యాసాల్లో తప్పులు పేరుకుపోయాయని మొరపెట్టుకున్నది ఆమే. ఆ దేశాన్ని చూడనివాళ్లు రాసినదాన్ని, చూడనివాళ్లే దిద్దుతూ వచ్చారు మరి.

నిక్కం చేసే పని చెప్పుకోవడానికి తేలికే. వ్యాసంలోని ప్రతి వాక్యాన్నీ విడదీసి శాటిలైట్ ఫొటోలతో, పత్రికలతో పోల్చి చూస్తుంది. అప్పటికీ తేలకపోతే ఆ ఊరివాళ్లకే ఫోన్ చేసి వాళ్ల భాషలోనే అడుగుతుంది. నిజమైతే పచ్చ, అబద్ధమైతే ఎరుపు, తేలకపోతే పసుపు. మనిషి చూసి సరేనంటే, దిద్దిన వాక్యం అన్ని భాషల్లోనూ ఒకేసారి మారిపోతుంది.

“ఇదేమిటి మేడం, ఒకే వాక్యం రెండు రంగుల్లో ఉంది?” అంది రెహానా.

‘లికోండె గ్రామంలో స్త్రీలు తరతరాలుగా సరస్సులో పడవల పందెం జరుపుకుంటారు.’ అందులో పందెం పచ్చగా ఉంది. ‘తరతరాలుగా’ మాత్రం ఎర్రగా ఉంది.

సుభాషిణి ఆ ఊరికి ఫోన్ కలిపించింది. ఎత్తినావిడ పేరు జియోనె. పందెం జరిపించే ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఆమె చిచేవా భాషలో మాట్లాడుతుంటే, క్షణం ఆలస్యంగా తెలుగులో వినిపించింది.

“పందెమా? ఉంది. ఆరేళ్ల నుంచి.”

“అంతకు ముందో?”

“అంతకు ముందు మా ఊళ్లో ఆడది తెడ్డు ముట్టుకుంటే తప్పు. పడవలు మగవాళ్లవి, వలలు మగవాళ్లవి. చేపలు ఎండబెట్టడం మాత్రం మా వంతు.” ఆమె నవ్వింది. “ఒకసారి ఎవరో విదేశీయులు వచ్చి, ఆడవాళ్ల పందెం ఎప్పుడని అడిగారు. ఫోన్లో మీ రాత చూపించారు. అందరం తెల్లబోయాం. నేనే ముందు తేరుకుని ఆ ఫోను పట్టుకుని మా ఊరి పెద్ద దగ్గరికి పరిగెత్తాను. ‘చూడండి, మన ఆచారం లోకమంతటికీ తెలుసు, మనమే మరిచిపోయాం’ అన్నాను. ఆయనకి ఆచారమంటే ప్రాణం. పడవలు ఇప్పించాడు. ఎక్కినవాళ్లం మళ్లీ దిగితేనా! ఇప్పుడు వలలు కూడా మేమే వేస్తున్నాం.”

లైన్ మీదే ఉండమని చెప్పి, సుభాషిణి మైకు ఆపింది.

“ఇది దిద్దితే ఆ పెద్దాయన పడవలు లాక్కుంటాడేమో,” అంది రెహానా.

“అబద్ధమని తెలిసీ ఉంచేస్తే, ఇక ఇదంతా ఎందుకు టీచర్ గారూ?”

“ఆవిణ్ణే అడుగుదాం మేడం. ఊరు ఆవిడది.”

మైకు మళ్లీ వేసి, ఉన్నది ఉన్నట్టు రెహానాయే చెప్పింది.

“నిజమే రాయండమ్మా,” అంది జియోనె. “మా అమ్మమ్మకి పడవంటే పిచ్చి. బతికినన్నాళ్లూ గట్టు మీద కూర్చుని చూడ్డమే అయింది. ఆమె కూడా పందెంలో తెడ్డు వేసిందని రాస్తే, ఆమె పడ్డ బాధ లేనట్టే కదా. పడవల సంగతంటారా, మేం పట్టిన చేపలు ఆ పెద్దాయన ఇంట్లోనూ ఉడుకుతున్నాయి. నేను చూసుకుంటాను.”

వాక్యం మారింది. ఈ విజ్ఞానకోశంలో పొరపాటున పడిన ఒక మాట చూసి లికోండె ఆడవాళ్లు పడవల పందెం మొదలుపెట్టారని రాసి, సాక్ష్యంగా జియోనె గొంతునే జతచేశారు. వాక్యమంతా పచ్చబడింది.

పెద్దాయన కొన్నాళ్లు అలిగాడట. పందెం నాడు మాత్రం అందరికంటే ముందొచ్చి గట్టు మీద కూర్చున్నాడట. ఆ కబురు చెబుతూ జియోనె పగలబడి నవ్వింది.

కొన్ని నెలలకి మలావీ దాదాపు పచ్చబడింది. సుభాషిణి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అంతలో సరస్సు పొడవునా మళ్లీ ఎర్రచుక్కలు మొలవసాగాయి.

ఒక ఊరి వ్యాసంలో, గ్రామసభలో మొదట మాట్లాడేది ఆడవాళ్లేనని కొత్తగా చేరింది. ఇంకో ఊళ్లో ఆడపిల్లకి చదువు పూర్తయ్యాకే పెళ్లి చేయడం ఆచారమట. కసంబ అనే ఊళ్లో ఆదివారం వంట మగవాళ్లదేనట. నిక్కం ఫోన్ చేస్తే, ఎత్తిన ప్రతి ఆడమనిషీ తడుముకోకుండా ఒకటే మాట. “అవును, తరతరాలుగా!” పాత పత్రికల్లో మాత్రం ఎక్కడా ఆ ఊసే లేదు.

లికోండె కథ అన్ని ఊళ్లవాళ్లూ చదివారు.

“తప్పులు పోగొట్టడానికి మెషీన్ చేశాను,” అంది సుభాషిణి, నవ్వాలో ఏడవాలో తెలియక. “అది కాస్తా తప్పు రాస్తే ఎంత లాభమో ఊరూరా చాటింది. ఈ కసంబది తీసెయ్యనా?”

“ఇవాళ శుక్రవారమేగా మేడం. ఆదివారం దాకా ఆగుదాం. ఈసారి మగవాళ్లు ఎత్తితేనే అడగమనండి.”

ఆదివారం కసంబలో ఒక మగమనిషి ఫోన్ ఎత్తాడు. వెనక గిన్నెకి గరిటె తగులుతున్న చప్పుడు.

“మీ ఊళ్లో ఆదివారం వంట ఎవరు చేస్తారండీ?” అని అడిగింది నిక్కం.

“ఇప్పుడా అడిగేది? సంకటి అడుగంటిపోతోంది, తర్వాత చెయ్యండి!”

ఫోన్ పెట్టేశాడు. తెర మీద కసంబ ఎరుపు మెల్లగా పసుపుకి తిరిగింది.