దొంగ స్కేలు

నర్సు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి తండ్రి వెనక వరండాలో నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆమె చేతిలో సంచి గుమ్మంలోనే పడేసి పరుగెత్తింది.

"నాన్నా, ఏమైంది? పడిపోయావా?"

"పడిపోలేదు, పడుకున్నాను. బల్ల కింద చూస్తున్నాను," అన్నాడాయన తల తిప్పకుండానే. "ఉలుల మూట కనపడటం లేదు. నిన్న ఇక్కడే పెట్టాను."

ఆ మూట ఎక్కడుందో ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు. తన మంచం కింద, చలికాలపు దుప్పట్ల పెట్టెలో, అంతకుముందు వారం మాయమైన చిన్న రంపం పక్కన భద్రంగా ఉంది.

"ఎక్కడో పెట్టి ఉంటావులే నాన్నా, దొరుకుతుంది."

"ఎక్కడో పెట్టే ఉంటాను," అని ఆయన మోకాలు పట్టుకుని లేచాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో ఆమె చూడలేదు. చూసి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

ఆయన ఇనుము పోతపోసే కార్ఖానాలో చెక్క నమూనాలు చేసిన మనిషి. ఏ యంత్ర భాగం పోతపోయాలన్నా ముందు దాని నమూనా ఆయన చేతిలో తయారవ్వాల్సిందే. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా వీధి వీధంతా ఇప్పటికీ మేస్త్రి అనే పిలుస్తుంది. ఆయన భార్య ఇంట్లోనే కూర్చుని ప్రచురణకర్తలకు పుస్తకాలు టైపు చేసిపెడుతుంది. ఆవిడకో పాత కీబోర్డుంది. ఇటుకంత బరువు, మీట నొక్కితే పక్కవీధికి వినపడేంత చప్పుడు. ఇంట్లోకి కంప్యూటరు మొదటిసారి వచ్చినప్పుడు వచ్చింది. ఆ తర్వాత కంప్యూటర్లు ఎన్ని మారినా ఆవిడ దాన్ని మాత్రం మార్చనివ్వలేదు. దాని ప్లాస్టిక్ డొప్ప పసుపు రంగుకు తిరిగి, పెళుసెక్కి, మొన్న బల్ల మీంచి జారి పడి ముక్కలైంది. లోపలి ఇనుప పలకా మీటలూ మాత్రం చెక్కుచెదరలేదు.

"కొత్తది కొందామమ్మా," అంది కూతురు.

"కొత్తవాటి మీద కొడుతుంటే రొట్టె పిండి ముద్ద నొక్కినట్టుంటుంది. నా వేళ్లకి అబద్ధం చెప్పలేను," అంది తల్లి.

"చెక్కతో పెట్టె చేస్తాను," అన్నాడు మేస్త్రి. చాన్నాళ్లకి ఆయన కళ్లలో వెలుగొచ్చింది. ఆ వెలుగును చూసి తల్లి మురిసిపోయింది, కూతురు వణికిపోయింది.

ఎందుకంటే ఆమె పనిచేసేది ముసలివాళ్ల వార్డులో. కన్నకొడుకుని పట్టుకుని ఎవరు బాబూ నువ్వు అని అడిగే తల్లుల్ని, తలుపేదో గోడేదో తెలియక రాత్రంతా తిరిగే తండ్రుల్ని రోజూ చూస్తుంది. పెదనాన్న కూడా అలాగే అయిపోయాడు. ఒకరోజు ఉలి చేత్తో పట్టుకుని ఇదేమిటని అడిగాడు, మర్నాడు దాంతోనే అరచెయ్యి చీల్చుకున్నాడు. చివరికి ఊరి చివర ఒక ఆశ్రమంలో పోయాడు. ఇప్పుడు నాన్న జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయాడు. గిన్నె మాడి ఇల్లంతా పొగ నిండింది. తల్లి కిటికీలు తెరిచి నాలుగు చివాట్లు పెట్టి ఊరుకుంది. కూతురు మాత్రం ఆ రోజు నుంచి ఆయన పదునున్న పనిముట్లన్నీ ఒక్కొక్కటే దాచడం మొదలుపెట్టింది.

మూట పోయినా ఆయన పని ఆపలేదు. కీబోర్డు ఇనుప పలక కొలతలు అంతకుముందే తీసి ఒక చెక్క ముక్క మీద పెన్సిలుతో రాసుకున్నాడు. రోజూ వాడే స్కేలు కూడా మూటతోనే పోవడంతో పాత ట్రంకు పెట్టె వెతికి ఇంకో ఉక్కు స్కేలు తీశాడు. దాంతో చెక్క పలకల మీద గీతలు గీసి, కలప అడితికి పట్టుకెళ్లి మిషను మీద కోయించుకొచ్చాడు. జిగురు పెట్టి బిగించాడు. ఇదంతా చేస్తున్నన్నాళ్లూ ఆయన మాట తగ్గిపోయింది. బీరువా తెరిచి ఎందుకు తెరిచానన్నట్టు నిలబడిపోయేవాడు. పొయ్యి ఆర్పాక మళ్లీ వెనక్కొచ్చి చూసేవాడు. కూతురు వంటింటి గుమ్మంలోంచి అదంతా గమనిస్తూ, అయిపోయింది, మొదలైపోయింది అనుకునేది. నిద్రపోవాల్సిన పగటి పూట కూడా ఆమెకు కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన పెట్టె తెచ్చి టైపు బల్ల మీద పెట్టాడు. ముదురు రంగు చెక్క, గాజులా నున్నగా ఉంది.

"ఎంత బాగుందండీ," అంటూ తల్లి దాని అంచు నిమిరింది. "ఇక మా కీబోర్డుకి పట్టపగ్గాలుండవు."

ఆయన మీటల పలకను రెండు చేతులతో ఎత్తి పెట్టెలో దించాడు. అది లోపల అటూ ఇటూ జారి గలగలమంది. స్క్రూల కన్నాలు ఒకదానికొకటి కలవలేదు.

"కీబోర్డుతో పాటు నేను కూడా పట్టేలా ఉన్నానే," అంది తల్లి నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. స్కేలు తీసి పెట్టె కొలిచాడు. చెక్క ముక్క మీద రాసుకున్నదానికి అక్షరాలా సరిపోయింది. తర్వాత ఇనుప పలక కొలిచాడు. అది సరిపోలేదు. మళ్లీ కొలిచాడు. స్కేలు పట్టుకున్న చెయ్యి వణకడం మొదలైంది.

"పలక కొలత నేనే తప్పు రాసుకున్నాను," అన్నాడు నీరసంగా. "కొలత తప్పు రాశాను."

"రాస్తే రాశారు. పెద్దదైతే తరుక్కోవచ్చు, అదేం పెద్ద పని?"

"కూర్చో. నువ్వూ కూర్చోమ్మా. మీకు చెప్పాలి." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అన్నయ్యని ఉంచిన ఆశ్రమానికి మొన్న వెళ్లొచ్చాను. వచ్చే నెల ఒక మంచం ఖాళీ అవుతుందట. పేరు చెప్పొచ్చాను."

"ఎవరి పేరు?" అంది తల్లి.

"నాదే."

తల్లి కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.

"నీకు ముందే చెబితే వెళ్లనివ్వవు," అన్నాడాయన. "అన్నయ్యకీ వస్తువులు పోవడంతోనే మొదలైంది. నాకు రంపం పోయింది. ఉలులు పోయాయి. నేనే తీసి ఎక్కడో పారేస్తున్నాను, ఎక్కడ పారేస్తున్నానో తెలియడం లేదు. రేపు గ్యాసు తిప్పేసి మరిచిపోతే? మీరిద్దరూ నిద్రలో ఉంటే? పడుకునే ముందు మీ ఇద్దరి పేర్లూ పైకి అనుకుంటున్నాను, తెలుసా? పొద్దున లేచేసరికి అవి కూడా ఉంటాయో ఉండవోనని."

ఇన్నాళ్లూ తను ఆయనలో చూసి భయపడిన రోగం తను పెట్టిందేనని కూతురికి అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అక్కడైతే నాన్న క్షేమంగా ఉంటాడు కదా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి గదిలోకి వెళ్లి దుప్పట్ల పెట్టె బరబరా ఈడ్చుకొచ్చింది. దుప్పటి తీసి రంపం, మూట ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"నువ్వు ఏమీ పారేయలేదు నాన్నా. నేనే దాచాను. నీకేమైనా అవుతుందని భయమేసింది."

"నీకు మతి గానీ పోయిందా?" అని అరిచింది తల్లి. "మనిషిని నిలువునా చంపావు కదే."

ఆయన మూట విప్పి ఉలుల మీద ఒక్కోదాని మీదా చెయ్యి వేశాడు. వాటి పక్కనున్న ఉక్కు స్కేలు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. దాన్ని తీసి, ట్రంకులోంచి తెచ్చిన స్కేలు పక్కన పెట్టాడు. ఒక కొస కలిపితే రెండో కొస కలవలేదు. చూడటానికి కవలల్లా ఉన్నాయి, కానీ ఒకటి కాస్త పొడుగు.

"దొంగ స్కేలు," అన్నాడు మెల్లగా.

"అంటే?"

"పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని నమూనా కాస్త పెద్దదిగా చేయాలి. ప్రతిసారీ లెక్క కట్టక్కర్లేకుండా అంగుళాలే సాగదీసి గీసిన స్కేలిది. మేమంతా దొంగ స్కేలనేవాళ్లం. పలక కొలిచింది అసలుదాంతో. అది మూటతో పాటు పోయింది. చెక్క కొలిచింది దీంతో."

కూతురు ఊపిరి పీల్చుకుంది. "అయితే నీ తప్పేం లేదు నాన్నా. నీకేం కాలేదు."

"దీని రకం తెలిపే అక్షరాలు అరిగిపోయాయి, నిజమే. కానీ వెనకటికైతే చేత్తో పట్టుకోగానే తెలిసిపోయేది. ఈసారి తెలియలేదు. అది వయసో, అన్నయ్యకొచ్చిందో నాకు తెలియదు. నీకూ తెలియదు." ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. "నిజంగానే ఆ రోజు రావొచ్చమ్మా. అప్పుడు నువ్వొచ్చి, నాన్నా, మరిచిపోయావు అంటే నేను నమ్మాలి. నా బుర్రని నేను నమ్మలేనప్పుడు నీ మాట తప్ప నాకేముంటుంది? ఇప్పుడు దాన్నెలా నమ్మమంటావు?"

ఆమె ఏడ్చేసింది. వార్డులో ఎంతమంది పోయినా చెక్కుచెదరని మనిషి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి తిట్టడం ఆపి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆయన ఏడవనిచ్చాడు.

"సరే, ఇప్పుడే మొదలుపెట్టు," అన్నాడు కాసేపటికి. "నువ్వు దాచినవి కాకుండా, నేను నిజంగా ఏమేం మరిచిపోయానో చెప్పు. నన్ను బుజ్జగించడానికి తగ్గించొద్దు, నీ భయం కొద్దీ పెంచొద్దు."

ఆమె ముక్కు తుడుచుకుంది. "ఒకసారి నన్ను అత్త పేరుతో పిలిచావు. మందులు వేసుకుని, మళ్లీ వేసుకోబోయావు. అమ్మ ఆపింది."

"మన పెళ్లిరోజు కూడా మరిచిపోయారు," అంది తల్లి.

"అది లెక్కలోకి రాదు, ఎప్పుడూ గుర్తులేదు," అన్నాడాయన. తల్లి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "ఇంకా?"

"ఇంకేం లేదు నాన్నా."

ఆయన ఆమె ముఖంలో వెతికాడు. ఆమె కళ్లు దించుకోలేదు.

"రేపు పొద్దున్నే వెళ్లి అక్కడ పేరు కొట్టేయించి రండి," అంది తల్లి. "మీ చేత కాకపోతే నేనే వెళ్తాను."

"వెళ్తాలే," అని ఆయన లేచి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ వణుకు ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎప్పటిలా అయితే తెలియనట్టు ఊరుకునేది.

"నీ చెయ్యి వణుకుతోంది నాన్నా," అంది.

"తెలుసు," అన్నాడాయన చెయ్యి తీయకుండానే. "ఇలాగే చెబుతూ ఉండు."