పసుపు మేడ, పావురాల గూడు

శనివారం తెల్లవారేలోగా చేయవలసిన పనులు:

సీసాలు పన్నెండు, మంచినీళ్ళతో మూడుసార్లు కడగాలి. సీసాల మీద అంటించే కాగితాలు పెన్సిలుతో రాయాలి, సిరా అయితే చెరిగిపోతుంది. థర్మామీటరు లాబ్ అటెండరు దగ్గర సంతకం పెట్టి తీసుకోవాలి. తాడుకి సీసం గుండు కట్టాలి. నిమ్మకాయ జేబులో వేసుకోవాలి. నూకాలు గారితో మర్యాదగా మాట్లాడాలి.

చివరి రెండూ మొదటి శనివారం తరువాత చేర్చుకున్నవి.

అది 1979 జూలై. మా కాలేజీలో బి.ఎస్సీ. చివరి సంవత్సరానికి మెరైన్ సైన్స్ పేపరు కొత్తగా పెట్టారు. మాది సబ్బవరం పక్కన పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదలు. సముద్రాన్ని అంతకుముందు రెండుసార్లే చూశాను, రెండుసార్లూ ఒడ్డు నుంచే.

శ్రీరామ్మూర్తి మాస్టారు ఇద్దరిద్దరికి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మాది ఒడ్డుకి అర మైలు దూరంలో ఒకే చోట పన్నెండు శనివారాలు నీళ్ళు పట్టి, ఆ నీటిలో ఉప్పెంతో తేల్చడం. నా జోడీ పేరు జె. నూకాలు. క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేది. నేను ఆఖరి బెంచీ. వీపు తప్ప ముఖం సరిగా చూసినవాణ్ణి కాదు.

మొదటి శనివారం, నూకాలు వాళ్ళ పెదజాలారిపేట ఒడ్డున తెప్ప సిద్ధంగా ఉంది. పక్కన లంగా ఓణీలో ఒకమ్మాయి తాడు చుడుతోంది. నేను సీసాల పెట్టె పట్టుకుని తెప్పమీద కాలు పెట్టాను.

"సెప్పులు తియ్యండి."

"తడిసిపోతాయనా? పరవాలేదు, పాతవే."

"మీ సెప్పుల గురించి కాదు, తెప్ప గురించి సెప్తన్నాను. గుళ్ళోకి ఎలగెల్తారో అలగెక్కాల. దిగండి ముందు."

నేను దిగి చెప్పులు విప్పాను. తల ఎత్తకుండానే అడిగాను: "నూకాలు గారనీ, మా క్లాసు. ఇక్కడే ఇల్లన్నారు. పిలుస్తావా?"

ఆమె తాడు కింద పెట్టింది. "పిలవక్కర్లేదు. వచ్చి అరగంటయింది. మీరే లేటు."

తెప్ప వెనక నిలబడ్డ ఆమె తండ్రి జగ్గయ్య తల తిప్పుకుని నవ్వాడు.

"మీరూ ఎక్కండి," అన్నాను, తప్పు దిద్దుకుందామని.

"మాకాడ ఆడోళ్ళు తెప్పెక్కరు. మీరెల్లి నీళ్ళు తెండి, ఉప్పు నాను తేలుస్తాను."

అర మైలు వెళ్ళేసరికి నా కడుపులోది సముద్రంలో కలిసింది. జగ్గయ్య తెప్ప నిలిపి, ఒడ్డు వైపు చెయ్యి చూపించి వల్లించాడు. "ఆ కొండ మీద నొక్కు ఉంది, సూసేవా బాబూ? దాని కిందకి సూటిగా మేడ రావాల. రెండంతస్తుల మేడ, పైన పావురాల గూడు. దచ్చినానికి తిరిగితే లైట్‌హౌస్ తలొక్కటే అవుపించాల. రెండూ కలిసినకాడే ఆపాల. ఒక్కటి కలిస్తే సాల్దు."

ఇందులో సగం నా చెవిన పడలేదు. ఒడ్డుకొచ్చాక ప్రాజెక్టు పుస్తకంలో ఏమి రాయాలో తెలియక నిలబడితే నూకాలు పుస్తకం లాక్కుని తనే రాసింది: 'కొండ నొక్కు కింద పసుపు మేడ. దక్షిణాన లైట్‌హౌస్ తల.'

"పావురాలూ గూళ్ళూ మీకెందుకు, వాంతులతో కళ్ళు మూసుకునుంటారు. పసుపు మేడ ఒకటే ఉంది, అది సూడండి సాలు." చేతిలో నిమ్మకాయ పెట్టింది. "ఇది వాసన సూడండి. తినీకండి."

ఆ తరువాత శనివారాలు ఎలా గడిచాయో చెప్పలేను. పొద్దున్న తెప్ప, మధ్యాహ్నం లాబ్. ఆమె బ్యూరెట్ గొట్టం మర తిప్పుతుంటే నేను అంకెలు రాసేవాణ్ణి. ఉప్పు తేల్చే సిల్వర్ నైట్రేట్ పడి ఇద్దరి వేళ్ళూ నల్లబడ్డాయి. ఆ మచ్చ సబ్బుతో పోదు, చింతపండుతో పోదు.

ఒకరోజు వాన పడుతుంటే వాళ్ళ చూరు కింద నిలబడ్డాను. వాళ్ళమ్మ సూర్యకాంతమ్మ టీ గ్లాసు ఇస్తూ నా వేళ్ళు చూసింది, లోపల కూతురి వేళ్ళు చూసింది. "ఏటే నూకాలు, ఈ బాబుకీ అదే మచ్చ?"

"సదువు మచ్చమ్మా."

"సదువు నీకొక్కద్దానికే అనుకున్నాను," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చూరు కిందే నూకాలు చెప్పింది. ఆమెకి భీమిలి సంబంధం ఒకటి వచ్చి ఉంది. ఈ ఏడు పాసైతే ఎమ్మెస్సీ, ఒక్క పేపరు పోయినా చదువు బంద్ అని తల్లితో ఒప్పందం. "అందుకే మీతో అంత కటువుగా ఉంటాను. ఏటీ అనుకోకండి."

"ఏమీ అనుకోలేదు," అన్నాను. చాలా అనుకున్నాను.

ఆరో శనివారం తరువాత జగ్గయ్య కాలు తెప్ప దుంగల మధ్య పడి నలిగింది. నులకమంచం ఎక్కాడు. బదులుగా నూకాలు అన్న అర్జునరావు వచ్చాడు. పదిహేనో ఏటనే పోర్టులో ఖలాసీగా చేరినవాడు. తెడ్డు వెయ్యగలడు గాని తండ్రి గుర్తులేవీ తెలియవు. అందరినీ బావా అనే పిలుస్తాడు.

"ఎక్కడాపమంటావు బావా?"

నేను పుస్తకం చూసి చెప్పాను. పసుపు మేడ దొరికింది. దాని పైన కొండ మీద ఒక నొక్కు కూడా దొరికింది. కొండకి నొక్కులకేం లోటు? లైట్‌హౌస్ కాస్త ఎక్కువ కనిపించింది గాని, తలకీ మెడకీ తేడా నాకేం తెలుసు. విశేషమేమిటంటే ఆ రోజు నాకు వాంతి కాలేదు. ఆ పై వారమూ కాలేదు. సబ్బవరం రైతుబిడ్డ సముద్రాన్ని గెలిచాడని ఛాతీ విరుచుకున్నాను.

పదో శనివారం మధ్యాహ్నం నూకాలు బ్యూరెట్ ఆపేసింది. "ఆరు వారాలు వెయ్యి పాళ్ళ నీటికి ముప్పై పాళ్ళ ఉప్పుంది. ఈ నాలుగు వారాలూ ఇరవై అయిదు, ఇరవై నాలుగు. ఇదేటి?"

"వానలు కదా."

"వానలు నాకు నేర్పకండి." సీసాలో నీళ్ళు ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. "ఇది గెడ్డ నీరు, వాగొచ్చి సముద్రంలో కలిసేకాడిది. నిజం సెప్పండి, ఒడ్డునే నిలబడి ముంచేరు కదా? అందుకే మీకు వాంతుల్లేవు."

"మీ అన్నయ్యనడగండి."

"మా అన్న సాచ్చికమా? ఒక బీడీకట్ట కొనిస్తే లంకదాకా ఎల్లొచ్చేనంటాడు."

నాలుగు వారాలు చీకటితో లేచి, రెండు బస్సులు మారి వచ్చినవాణ్ణి. "మీకు సముద్రం తెలుసు, మనుషులు తెలీదు," అని పుస్తకం బల్లమీద పెట్టి వచ్చేశాను.

మూడు రోజులు మాటల్లేవు. వెనక బెంచీవాడొకడు సలహా ఇచ్చాడు. "ఆ నాలుగూ కొట్టేసి ముప్పై, ముప్పై ఒకటి వేసెయ్. సముద్రం వచ్చి చెప్తుందా?"

వేసెయ్యవచ్చు. నూకాలు పాసవుతుంది. కాని అప్పుడు నేను ఒడ్డున ముంచినట్టు నేనే ఒప్పుకున్నట్టు.

బుధవారం నేరుగా జగ్గయ్య మంచం దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో నూకాలు. నన్ను చూసి కదలలేదు, లోపలికీ పోలేదు.

"ఏ గుర్తు మీద ఆపేవు బాబూ?"

"పసుపు మేడండి."

"పసుపా?" జగ్గయ్య లేచి కూర్చున్నాడు. "ఆ మేడోళ్ళ ఇంట్లో పెళ్ళని తెల్ల సున్నం ఏసి నెల దాటింది. ఇప్పుడు పసుపుది గెడ్డ కాడ కొత్త మేడ. రంగెవడు సూడమన్నాడు? పావురాల గూడు సూడమన్నాను గదా. సున్నమేసినా గూడు గూడే. రంగు సూసి తెప్పాపమని నీకెవలు సెప్పేరు?"

నేను గుమ్మం వైపు చూడలేదు. గుమ్మం దగ్గరినుంచి వచ్చింది సమాధానం.

"నానే, అయ్యా. నానే రాసిచ్చేను."

జాలరి బిడ్డ చేసిన తప్పు అది. సబ్బవరం వాడికి ఇంతే చాలులే అనుకుంది.

శ్రీరామ్మూర్తి మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అంకెలు మార్చకండి. ఆ నాలుగూ రెండో స్థలం అని రాయండి. కాని రెండూ వేరు వేరు చోట్లని రుజువు కావాలి. ఈ శనివారం ఒకే పూట రెండుచోట్లా నీళ్ళు పట్టండి. తేడా కనిపిస్తే రికార్డు నిలుస్తుంది. లేకపోతే నేనేమీ చెయ్యలేను."

అసలు చోటు ఎవరు చూపించాలి? జగ్గయ్య కాలు కింద పెట్టలేడు. ఆయన వల అల్లుతూ వల్లించిన గుర్తులన్నీ విని పెరిగింది ఒక్క నూకాలే.

"ఆడపిల్ల తెప్పెక్కడవేటి? పేటంతా ఏటంటారు?" అంది సూర్యకాంతమ్మ.

జగ్గయ్య గోడకి వేలాడే వలను చూశాడు. "తెప్ప మీద వల దించీండి. వలున్నప్పుడే అది గంగమ్మ తెప్ప. వల్లేనినాడు ఒట్టి బండి. బండెక్కడానికేటి?"

శనివారం సన్నటి జల్లు. నూకాలు చెప్పులు విప్పి, తెప్పకి దణ్ణం పెట్టి ఎక్కింది. పేట పేటంతా ఒడ్డున నిలబడి చూసింది. కెరటం దాటగానే ఆమె లేచి నిలబడి చెయ్యి చాపింది. "అన్నా, ఉత్తరానికి. ఇంకొంచెం. అదిగో గూడు. ఇప్పుడు లైట్‌హౌస్..." అని ఆగి, చటుక్కున కూర్చుంది. ముఖం పాలిపోయింది. మరుక్షణం తెప్ప అంచు మీదుగా వంగి వాంతి చేసుకుంది.

తరతరాల జాలరి ఇంటి బిడ్డకి మొదటి ప్రయాణం.

నేను జేబులోని నిమ్మకాయ తీసి ఇచ్చాను. "వాసన చూడండి. తినకండి."

ఆమె నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళలో నీళ్ళతో నవ్వింది. "నవ్వండి. నాను మిమ్మల్ని అన్నన్ని మాటలకీ నవ్వండి."

నవ్వలేదు. "నూకాలూ," అన్నాను. గారు ఎప్పుడు జారిపోయిందో తెలియదు. "ఒకటడగాలి."

వెనకనుంచి తెడ్డు ఆగింది. "అడిగేదేదో బేగి అడుగు బావా. తెప్ప కొట్టుకుపోతంది."

అడిగాను. ఏమని అడిగానో రాయను, పెద్ద గొప్పగా ఏమీ లేదు. ఆమె ముందు లైట్‌హౌస్ చూసింది. దాని తల ఒక్కటే కనిపించేదాకా ఊరుకుంది. "ఇక్కడ, అన్నా, ఆపు." తరువాత నా వైపు తిరిగింది.

"నాకిష్టమే. కాని ఒక్క గుర్తుకి తెప్పాపరు. మీ అమ్మగారొచ్చి మాయమ్మతో మాట్టాడాల. అది రెండోది."

ఆ పూట నీళ్ళలో ఉప్పు అసలు చోట ముప్పై, గెడ్డ ముందు ఇరవై నాలుగు. పాత అంకెలకీ వీటికీ ఒక్క చుక్క తేడా లేదు. రికార్డు నిలిచింది. మార్చిలో ఇద్దరం పాసయ్యాం.

మా అమ్మ రామలక్ష్మమ్మని ఒప్పించడానికి ఎండాకాలమంతా పట్టింది. చివరికి ఒక బుట్ట వంకాయలతో బస్సు దిగింది. పేటలో వాళ్ళింట్లో చాపమీద ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంది. నూకాలు మంచినీళ్ళు తెస్తే మచ్చ దాదాపు పోయిన ఆ వేళ్ళు పట్టుకుని చూసింది.

"మావోడు నూతిలోకి తొంగి సూసేవోడు కాదు. ఎలగెక్కించేవే తల్లీ తెప్ప?"

"సెప్పులు తీయించి ఎక్కించేనండి."

మా అమ్మ నవ్వింది. సూర్యకాంతమ్మ బుట్టలో వంకాయలు తీసి, ఇంత లేతవి బజార్లో దొరకవంది. రెండో గుర్తు కలిసింది.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. ఎమ్మెస్సీలు అయ్యాక పెళ్ళి చేసుకున్నాం. ఇద్దరం ఇప్పుడు పాఠాలు చెబుతున్నాం. ఆ రికార్డు మా కాలేజీ అలమారలో ఉంది. మొదటి పేజీలో మా ఇద్దరి పేర్లు, కింద మాస్టారి పేరు. లోపల ఒక వాక్యం: 'స్థలమును స్థానిక మత్స్యకారుని సాయముతో గుర్తించడమైనది.' రాసింది నేనే. అలాగే రాయాలన్నారు, రాశాను. ఆ మనిషి నిరుడు వర్షాకాలంలో పోయాడు.

మీరెప్పుడైనా ఆ ఒడ్డున నిలబడితే, కొండ నొక్కు కింద పావురాల గూడున్న మేడ కనిపిస్తుంది. ఇప్పుడు దానికి నీలం రంగు వేశారు. రంగు చూడకండి. గూడు చూడండి. చూసినప్పుడు ఒక్కసారి తలుచుకోండి. ఆయన పేరు జగ్గయ్య.