ఆ పేరుగల మనిషి ఒక్కరే

"నవ్వకు తల్లీ, రాసుకో. నా తమ్ముడు, మీ చిన్న తాత ఎల్డన్‌ని అడిగితే ఏదో జోకు వేసి తప్పించుకుంటాడు. నేను చెబుతాను. మెల్లగానే చెబుతానులే, నీ చెయ్యి నొప్పెట్టదు."

అప్పట్లో టీవీ వాళ్ళు వారానికో సినిమా సొంతంగా తీసేవాళ్ళు. ఎల్డన్ కెస్లర్ సినిమా స్టూడియోలున్న బర్‌బ్యాంక్ ఊళ్ళో పగలంతా బేకరీ వ్యాను తోలి, సాయంత్రం ఫర్నిచర్ షాపు మేడ మీద మిసెస్ ఓస్‌గుడ్ నడిపే క్లాసుకి వెళ్ళేవాడు. టీవీ సినిమా రాయడం, రాసింది అమ్ముకోవడం ఆవిడే నేర్పేది. ప్రకటనలు వచ్చే ముందు ప్రతి అంకమూ గుండె పట్టేసే చోట ఆగాలట. లేకపోతే శాండ్‌విచ్ కోసం వంటింట్లోకి వెళ్ళినవాడు మళ్ళీ వచ్చి కూర్చోడట. కొనేవాడికి కథ రెండు మాటల్లో చెప్పలేకపోతే ఆ కథ నీ దగ్గర లేనట్టే అనేది.

ఎల్డన్ రెండు మాటల్లోనే చెప్పాడు. లోయలో ఒంటరిగా ఉండే థియోడోరా లిండ్‌కి ఎవరో ఫోను చేసి ఆమె పేరు మాత్రమే అడుగుతారు. అవునన్నప్పుడల్లా ఆమెదేదో ఒకటి మాయమవుతుంది.

ముందు పిల్లి పోతుంది. తర్వాత పియానోలో శబ్దం పోతుంది. తర్వాత అద్దంలో ఆమె బొమ్మ. ఆఖరి అంకంలో ఆమే.

టీవీ నెట్‌వర్క్ తరఫున కథలు కొనే పెర్లిన్‌కి విన్న వెంటనే నచ్చింది. ఆ పేరు ఇంట్లో పైకి అంటే తన భార్య లేచి లైటు వేసిందట. కొంటానన్నాడు. ఎల్డన్ వ్యానులో పాటలు పాడుకుంటూ బన్నులు పంచాడు. ఇక ఆ వ్యాను తోలే పని ఉండదనుకున్నాడు.

ఆ సంబరంలో ఉండగానే ఫోను మోగింది.

"ఎల్డన్ కెస్లర్ గారాండీ? సినిమాల్లో పేర్లు సరిచూసే ఆఫీసు నుంచి. థియోడోరా లిండ్ అనే పేరు మార్చాలి."

"ఎందుకండీ? ఆ పేరుకే కదా వాళ్ళు కొంటున్నది."

"ఈ జిల్లాలో ఆ పేరు ఎవరికీ లేకపోతే గొడవ లేదు. పదిమందికి ఉన్నా గొడవ లేదు, ఇది నా గురించేనని ఎవరూ కోర్టుకెక్కలేరు. ఒక్కరికే ఉంటేనే చిక్కు. ఒక్కరికే ఉంది."

"మంచావిడైతే ఏమీ అనుకోదులెండి."

"అనుకుంటోంది. ఆవిడ నేనే."

మర్నాడు ఆఫీసు పక్కన కాఫీ హోటల్లో కలుసుకున్నారు. ఎర్ర రెయిన్‌కోటులో, తడిసిన జుట్టుతో వచ్చి కూర్చుని ఆమె కాఫీ కూడా తాగలేదు. నా ఇల్లు ఎప్పుడు చూశావని నిలదీసింది. లోయలో ఇల్లు, ఆకుపచ్చ తలుపు, వాళ్ళ నాన్న వదిలిపోయిన పియానో, కుంటి పిల్లి, స్క్రిప్టులో ఏ ఒక్కటీ తప్పు రాయలేదు కదా అంది. ఎల్డన్ ఒట్టు పెట్టాడు. ఆ పేరు బ్రెడ్డు ట్రేలు దించుతుంటే నోటికొచ్చింది, మిగతాదంతా పేరు వెంటే వచ్చింది అన్నాడు.

"నమ్మేలా చెప్పడం కూడా క్లాసులో నేర్పారా?"

"అది వచ్చే నెల పాఠమండి."

ఆమె నవ్వబోయి ఆపుకుంది. కోపం కంటే భయం ఎక్కువగా ఉందని ఎల్డన్‌కి అప్పుడు తెలిసింది. ఎవరో ఫోను చేసి పేరు అడిగి పెట్టేశారట. ఆ వేళ నుంచి పిల్లి కనపడటం లేదు.

ఎల్డన్ ఆ సాయంత్రమే స్క్రిప్టులో పేరు మార్చేశాడు. పెర్లిన్ ఒప్పుకోలేదు. పేరు పోతే బేరం పోయినట్టే అన్నాడు. పోనీయండి అనేసి ఎల్డన్ పిల్లి కోసం సార్డిన్ చేపల డబ్బా పట్టుకుని టొపాంగా లోయకి వెళ్ళాడు. ఇద్దరూ వర్షంలో పొదలన్నీ వెతికారు. ఎల్డన్ బురదలో జారి పడితే ఆమె చెయ్యిచ్చి లేపింది. లేచాక కూడా కాసేపు ఆ చెయ్యి అతని చేతిలోనే ఉంది. పిల్లి మాత్రం దొరకలేదు.

తల తుడుచుకుంటుంటే ఫోను మోగింది. ఎత్తద్దు అని ఎల్డన్ అనేలోపే ఆమె ఎత్తింది. ఏళ్ళ తరబడి ఆఫీసులో నేర్చుకున్న అలవాటు, ఫోను ఎత్తగానే పేరు చెప్పాలి.

"థియోడోరా లిండ్ మాట్లాడుతున్నాను."

అవతల వెంటనే పెట్టేశారు. ఆమె మొహం పాలిపోయింది. ఎల్డన్ పియానో దగ్గరికి వెళ్ళి ఒక మీట నొక్కాడు. చెక్క మీద వేలు పడ్డ చప్పుడే తప్ప ఇంకేమీ రాలేదు. అన్నీ నొక్కి చూశాడు. బయట వాన మాత్రం వినపడుతూనే ఉంది.

పేరు మార్చేశానే, బేరం కూడా వదులుకున్నానే అన్నాడు ఎల్డన్. నువ్వు మార్చింది కాగితం మీద అంది ఆమె. ఆ ఫోను చేసేది కాగితం చదివి చేయడం లేదు.

ఆ మర్నాడే ఆమె అద్దాలకి దుప్పట్లు కప్పేసింది. జుట్టు చూసుకోకుండానే ఆఫీసుకి వెళ్ళేది. ఎల్డన్ రోజూ బ్రెడ్డు ఇచ్చే వంకతో వచ్చి, నీ పాపిట వంకరగా ఉంది అని చెప్పి సరిచేసేవాడు. పాపిట చాలాసార్లు తిన్నగానే ఉండేది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఒకరోజు ఆమె టీ పోస్తూ, మా ఆఫీసు లెక్క ప్రకారం నాకు రెండే దార్లు అంది. ఈ జిల్లాలో ఇంకో థియోడోరా లిండ్ పుట్టాలి, లేదా ఒక్కరూ ఉండకూడదు.

"ఒక్కరూ ఉండకుండా చేయచ్చు" అన్నాడు ఎల్డన్. "థియోడోరా కెస్లర్ అని ఒకామె ఉంటే, ఆ లిండ్ ఉండదు కదా."

ఆమె టీ పోయడం ఆపింది.

"ఇది ప్రేమా, పేరు సరిచూడటమా? దయ్యానికి భయపడి నేను పెళ్ళి చేసుకోను ఎల్డన్. సినిమా పక్కన పెట్టి చెప్పు. మీ టీచరమ్మ చెప్పినట్టు రెండు మాటల్లో."

"నువ్వు కనపడకుండా పోతావేమో అని నాకు భయంగా ఉంది. ఆ ఫోను రాకపోయినా నాకు ఇదే భయం ఉండేది."

ఆమె కప్పు కింద పెట్టి, పాపిట నిజంగానే వంకరగా ఉందేమో చూడు అంది.

కోర్టులో పెళ్ళి అయింది. అన్నగా సాక్షి సంతకం పెట్టింది నేనే. ఆ మధ్యాహ్నం ముగ్గురం లోయకి వెళ్ళి ఇంటి తలుపు తీస్తుంటేనే ఫోను మోగుతోంది. నేను తీగ పీకేస్తానన్నాను. ఆమె వద్దంది. ఎప్పటికైనా జవాబు చెప్పాల్సిందే అంది. ఎత్తింది. అలవాటుగా పేరు పెదాల దాకా వచ్చింది. ఎల్డన్ ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆమె నోరు మూసుకుని, అవతలి వాళ్ళు అడిగే దాకా ఆగింది.

"ఆ పేరుగల మనిషి ఇక్కడ లేరండి" అంది.

అవతలి గొంతు, ఎంతో మర్యాదగా, నా చెవికి కూడా వినపడేలా అంది.

"సరేనండి. ఆవిడ తిరిగి వస్తే నేను చేశానని చెప్పండి."

ఎల్డన్ వెళ్ళి పియానో నొక్కాడు. మోగింది. థియోడోరా దుప్పటి లాగి అద్దంలో తనని తాను చూసుకుని ఏడ్చింది. ఇప్పుడిక ఆ పేరు ఎవరికీ లేదు కాబట్టి ఆఫీసు వాళ్ళు సరేనన్నారు, పెర్లిన్ పాత పేరుతోనే కథ కొన్నాడు. అది టీవీలో వచ్చిన రోజు వాళ్ళిద్దరూ చూడకుండా సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. పిల్లి మాత్రం తిరిగి రాలేదు.

"ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే తల్లీ, మీ చిన్న నానమ్మ తన కుండల ఎగ్జిబిషన్‌కి పుట్టింటి పేరే పెట్టుకుంటానంటోందట. బోర్డు కూడా రాయిస్తోందట. ఆ గొంతు మర్యాద ఆమె మరిచిపోయినట్టుంది, నేను మరిచిపోలేదు. రేపే వెళ్ళి ఆమెకిది చదివి వినిపించు. ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని చదువు. ఆ పాత పేరు వచ్చిన చోట పైకి అనకు, వేలు పెట్టి చూపించు చాలు."