గట్టిమేళం మోగని నిమిషం

పెళ్లిలో తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు వాయిస్తారు? చిన్నప్పుడు మా అమ్మను అడిగాను.

"ఆ సమయంలో ఎవరైనా తుమ్మినా, చెడ్డమాట అన్నా వినపడకూడదే" అంది అమ్మ.

సరేననుకున్నాను. కానీ ఒక అనుమానం ఇన్నేళ్లూ నాతోనే ఉండిపోయింది. మేళం మోగితే మనకు వినపడదు. దేవుడికి కూడా వినపడదా?

ఈ ఏడాది శ్రీరామనవమి రోజు, మిట్టమధ్యాహ్నం, ఆ అనుమానం మళ్లీ గుర్తొచ్చింది.

అమీర్‌పేటలో మా వీధి చిన్నది. రెండు వైపులా అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు. ప్రతి నవమికీ వీధిలోనే షామియానా వేసి సీతారాముల కల్యాణం చేస్తాం. ఆ రోజు మేళగాళ్లు పెద్ద గుళ్లకే సరిపోరు, ఇక మాకెక్కడ దొరుకుతారు? పెన్‌డ్రైవ్‌లో ఉన్న మేళాన్నే సౌండ్ బాక్స్‌లో పెడతాం.

ఈసారి రిమోట్ మా అమ్మాయి హైందవి చేతికి వచ్చింది. ఐదో తరగతి చదువుతోంది. వారం నుంచి ఇంట్లో అదే మాట.

"పంతులుగారు చెయ్యి ఎత్తగానే నొక్కాలమ్మా. ఒక్క సెకను కూడా లేట్ అవ్వకూడదు."

బాక్స్ సిద్ధం చేసింది ఓదెలు తాత. వీధి మొదట్లో ఆయనకు రిపేరు షాపు ఉంది. మిక్సీలు, టీవీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. పండగ రోజు పొద్దున్నే బాక్స్ తుడిచి, రిమోట్‌లో కొత్త సెల్స్ వేసి తెచ్చాడు. షామియానా కింద స్టూలు మీద పెట్టాడు.

"ఈడనే నీడల ఉండనియ్ బిడ్డా. ఎండ తాకనియ్యకు" అని హైందవికి చెప్పాడు.

హైందవి తలూపింది. రెండుసార్లు నొక్కి చూసింది. రెండుసార్లూ మేళం మోగింది.

పదకొండింటికల్లా జనం నిండిపోయారు. హైందవికి పెళ్లిపీటల పక్కనే, ముందు వరసలో కూర్చోవాలని ఉంది. అక్కణ్ణుంచి చూస్తే మనుషుల తలలే తప్ప బాక్స్ కనపడటం లేదు. తను, తన స్నేహితురాలు రవళి కుర్చీలెక్కి బాక్స్‌ను పక్కనున్న ప్రహరీగోడ మీదికి చేర్చారు.

"అబ్బా, మస్తు బరువున్నదే!" అంది రవళి.

"మెల్లగా పట్టుకోవే. పడేశావంటే దేవుడి పెళ్లి ఆగిపోతుంది!"

పడిపోకుండా దాన్ని వెనక్కి వాల్చి పెట్టారు. గోడ మీదికి షామియానా గుడ్డ రాదు. ఎండ సూటిగా బాక్స్ మొహం మీద పడుతోంది. నేనూ చూశాను. ఎత్తులో ఉంటే బాగా వినపడుతుందిలే అనుకున్నాను.

పన్నెండు దాటింది. పంతులుగారు మంగళసూత్రం పైకెత్తి అందరికీ చూపించారు. అందరి చేతుల్లో అక్షింతలు ఉన్నాయి.

"గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు పంతులుగారు.

హైందవి నొక్కింది. ఏమీ మోగలేదు. మళ్లీ నొక్కింది. లేచి నిలబడి, చెయ్యి చాచి నొక్కింది. బాక్స్ పలకలేదు.

వీధి వీధంతా హైందవినే చూస్తోంది.

"సౌండ్ ఏది పాపా?" అని వెనక నుంచి హాస్టల్ అబ్బాయి ఎవరో అరిచాడు. పది మంది నవ్వారు.

హైందవి మొహం ఎర్రబడింది. "నేను నొక్కుతూనే ఉన్నాను! ఓదెలు తాతే చచ్చిన సెల్స్ వేశాడు! మోసం చేశాడు!"

పంతులుగారి మైకు హైందవి పక్కనే ఉంది.

ఆ మాట మైకులోంచి వీధి చివరిదాకా వెళ్లింది. దాన్ని కప్పేయడానికి మేళం లేదు. దూరంగా మెట్రో రైలు వెళ్లిన చప్పుడొక్కటే వినపడింది. పంతులుగారి చెయ్యి సూత్రంతో గాలిలోనే ఆగిపోయింది.

ముహూర్తం దాటకూడదని ఆయనే తేరుకుని సూత్రం కట్టేశారు. కమిటీ ప్రెసిడెంట్ జోగారావు గారు పరుగెత్తి, కుర్చీ ఎక్కి, బాక్స్ మీది బటన్ నొక్కారు. అప్పుడు మోగింది మేళం.

ఓదెలు తాత రెండో వరసలో ఉన్నాడు. లేచి వచ్చి, చేతిలోని అక్షింతలు స్వామి పాదాల దగ్గర పెట్టాడు. పానకం కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నలుగురిలో పిల్లను ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే, సెల్స్ పాతవేమోనని నేనూ అనుకున్నాను.

సాయంత్రం బాక్స్‌ను మా ఇంట్లో పెట్టారు. హైందవి కోపంగా రిమోట్ తీసింది. "పనికిరాని రిమోట్!" అంటూ నొక్కింది.

గట్టిమేళం ఇల్లదిరిపోయేలా మోగింది.

నా చేతిలో పానకం గిన్నె జారి కిందపడింది. హైందవి మళ్లీ నొక్కింది. మేళం ఆగింది. ఇంకోసారి నొక్కింది. మోగింది.

"అమ్మా..." రిమోట్ వెనక మూత తీసి చూపించింది. "అవే సెల్స్. మార్చనే లేదు."

మర్నాడు ఒంటిపూట బడి నుంచి రాగానే, నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్లింది. బాక్స్‌ను మళ్లీ అలాగే ఎండలో పెట్టాం. నొక్కితే పలకలేదు. బాక్స్ కాలిపోతోందని నేను గొడుగు విప్పి పట్టాను. అప్పుడు నొక్కితే మోగింది! గొడుగు తీశాను. మళ్లీ మూగపోయింది.

హైందవి గొడుగు వైపు చూసింది. ఎండ వైపు చూసింది.

"నీడలో ఉంచమన్నాడమ్మా" అంది ఏడుపు ఆపుకుంటూ. "తాత నాకు చెప్పాడు."

వెంటనే షాపుకు వెళ్లాం. హైందవి గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "సారీ తాతా" అంది.

"కూసో బిడ్డా" అన్నాడు ఓదెలు తాత. నా ఫోన్ అడిగి తీసుకుని, కెమెరా తెరిచాడు. దాని ముందు రిమోట్ పెట్టి నొక్కాడు. ఫోన్ తెర మీద, రిమోట్ కొసన ఉన్న బుడిపె మిణుకుమిణుకుమంది.

హైందవి ఉలిక్కిపడింది. "మామూలుగా చూస్తే ఏమీ కనపడట్లేదే!"

"మన కంటికి కానరాని వెలుగది. రిమోటు గా వెలుగుతోనే బాక్స్‌తోని మాట్లాడుతది. ఎండల సుత గసొంటి వెలుగు మస్తుగుంటది. జాతరల నువ్వు మెల్లగ పిలిస్తే మీ అమ్మకు ఇనవడ్తదా? గట్లనే, ఎండల నీ రిమోటు మాట బాక్స్‌కు అందలే."

"నా మీద కోపం లేదా తాతా?"

"ఎండ తాకనియ్యకన్న గని, ఎందుకో చెప్పకపోతి. నాది సుత తప్పే."

అప్పుడే హాస్టల్ నడిపే సుకన్య లోపలికి వచ్చింది.

"ఓదెలు తాతా, నా మిక్సీ ఎట్లున్నదట్ల ఇచ్చెయ్యి. పంజాగుట్టల ఇంకో షాపుల చూపిస్త."

తాత మిక్సీని గుడ్డతో తుడిచి ఇచ్చాడు. "పొద్దుగాల సంది గిట్ల వాపసు తీస్కపోయింది ఇది మూడోది" అన్నాడు నాతో, మెల్లగా.

హైందవి అన్నది ఒకే ఒక్క మాట. అదీ నిన్నటి మాట. ఇవాళ అది వచ్చి షాపులోంచి మిక్సీ తీసుకుపోతోంది.

సుకన్య గుమ్మం దాటబోతుంటే హైందవి ఎదురు వెళ్లి నిలబడింది.

"అక్కా, తాత మంచి సెల్సే వేశాడు. బాక్స్‌ను నేనే ఎండలో పెట్టాను."

"మరి నిన్న మైకుల గట్లెందుకన్నవే?"

"తెలియక."

"తెల్వకుంటే తెల్వదనాలె గని, ఇంకొకల మీద ఏస్తరా పిల్లా?"

హైందవి తల దించుకుంది. సుకన్య మిక్సీని మళ్లీ బల్ల మీద పెట్టింది. "రేపు పొద్దుగాల చట్నీకి కావాలె తాతా. ఆలిశ్యం జెయ్యకు."

ఇంటికి వస్తూ నేనన్నాను, "జోగారావు గారిని అడుగుదాం. మైకు పెట్టించి చెప్పేద్దువుగాని."

"ఇప్పుడు మైకులో చెబితే ఎవరు వింటారమ్మా? నిన్నైతే అందరూ అక్కడే కూర్చున్నారు" అంది హైందవి.

అందుకని ఇంటింటికీ వెళ్లడం మొదలుపెట్టింది. రోజూ బడి నుంచి వచ్చి, రిమోట్, నా ఫోన్ పట్టుకుని బయలుదేరేది. వెలుగు చూపించి, జరిగింది చెప్పేది. కొందరు నవ్వారు. కొందరు మందలించారు. "ఏంటమ్మా, మన కమిటీ పరువు మైకులో తీసేశావు!" అన్నారు జోగారావు గారు. ఫోన్‌లో వెలుగు చూశాక మాత్రం, ఇంకోసారి చూపించమని ఆయనే అడిగారు.

వారంలో వీధంతా అయింది. ఒక్క ఇల్లు మాత్రం బాకీ ఉండిపోయింది. మా పై అంతస్తులో ఉండే రుద్రమ్మ గారు నవమి సాయంత్రమే కూతురి పురిటికని జగిత్యాల వెళ్లారు. డాబా మీదికి వెళ్లినప్పుడల్లా హైందవి ఆ ఇంటి తాళం వైపు చూసేది. సెలవులొచ్చాయి. మామిడిపళ్లు వచ్చి పోయాయి. బడులు మళ్లీ తెరిచారు.

జూన్‌లో ఒక చినుకుల పొద్దున రుద్రమ్మ గారి తలుపు తెరిచి ఉంది. హైందవి యూనిఫాంలోనే పైకి పరుగెత్తింది. నేను టిఫిన్ బాక్స్ పట్టుకుని వెనకే వెళ్లాను.

"అమ్మమ్మా, నవమి రోజు నేను ఓదెలు తాతను అన్నది అబద్ధం. సెల్స్ మంచివే."

రుద్రమ్మ గారు చేతిలోని పచ్చడి జాడీ కింద పెట్టి, బుగ్గ మీద చెయ్యేసుకున్నారు.

"అయ్యో! నేను ఆడ సుత చెప్పిన గదనే! మా బిడ్డకు చెప్పిన, మా బిడ్డ అత్తకు చెప్పిన. గా అత్తది, ఓదెలుది ఒక్కటే ఊరు!"

హైందవి భుజం మీది బ్యాగు జారిపోయింది. జగిత్యాల ఎక్కడుందో కూడా దానికి తెలియదు.

కింద స్కూల్ వ్యాన్ హారన్ మోగింది. "టైమవుతోంది, సాయంత్రం వచ్చి..." అంటున్నాను నేను.

"ఇప్పుడే ఫోన్ చెయ్యండి అమ్మమ్మా. ఆ అత్తగారికే" అంది హైందవి.

రుద్రమ్మ గారు ఫోన్ కలిపి ఇచ్చారు. హైందవి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"పెద్దమ్మా, మీరు నన్ను చూడలేదు. నా పేరు హైందవి. ఓదెలు తాత మోసం చెయ్యలేదు. బాక్స్‌ను ఎండలో పెట్టింది నేను."

"ఎవలు బిడ్డా? ఇనవడ్తలేదు, మల్లొక్కసారి చెప్పు" అంది అవతలి గొంతు.

హైందవి మళ్లీ చెప్పింది. ఈసారి మూడు అంతస్తులకూ వినపడేలా చెప్పింది.