మెరిసు పేరు చెరిపిందెవరు?

దాది బకెత్ హునెరో ఇంటి గుమ్మంలోనే కూలబడింది. కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. "రొట్టెల పొయ్యి దగ్గర కాలింది," అంది, ఎవరూ అడక్కముందే.

"నా మెరిసు సమాధిలో పేరు చెరిపేశారు హునెరో! కల్లోకొచ్చి 'దాదీ, నేనెవర్ని?' అంటున్నాడు."

మెరిసు ఈజిప్టు రాజు ఫరో గారి పదహారో కొడుకు. ఏడేళ్లకే నైలు నదిలో మునిగిపోయాడు. పేరు పోతే చచ్చినవాడు మళ్లీ చస్తాడు. సమాధిలో దొరికిన ఉలి, గోడల మీద బొమ్మలు చెక్కి రంగులేసే నెబ్రేది. పొద్దుగూకితే అతని ముక్కు కోస్తారు.

సమాధులు చెక్కేవాళ్ల ఊళ్లో ఎవరికి ఏ భయమేసినా హునెరో దగ్గరికే వస్తారు. మిగతా కోడళ్లకి అత్తంటే హడల్. తమెకెత్‌కి మాత్రం పిచ్చి అభిమానం. దీపం పట్టుకుని వెనకాలే బయల్దేరింది.

సమాధిలో తమెకెత్ దగ్గింది. గదీ తిరిగి దగ్గింది.

"నిన్నే వెక్కిరిస్తోందే," అంది హునెరో.

గోడ మీద పక్క పిలకతో పిల్లాడి బొమ్మ. పేరుండాల్సిన ప్రతిచోటా గీరిన రాయి, దాని పైన మసి. కప్పు కింద, బాగా ఎత్తులో, ఒక్క పేరు మాత్రం మిగిలింది.

హునెరో బకెత్‌ని, మేస్త్రీని, పూజారిని, చేతులు కట్టేసి ఉన్న నెబ్రేని అక్కడికే పిలిపించింది.

"నెబ్రే, పనిలో దీపం వత్తికి ఏం పట్టిస్తావ్?"

"ఉప్పు, పెద్దమ్మా. లేకపోతే పొగకి బొమ్మలు పాడవ్వవూ?"

"ఇక్కడ మసి పట్టింది. ఇది మన పనివాళ్లు చేసింది కాదు. ఉలి ఎవరైనా ఎత్తుకెళ్లొచ్చు."

మేస్త్రీ కహా చూపు, రోజూ ఇక్కడికొచ్చి మెరిసు పేరు పిలిచే పూజారి ఉసెర్హత్ మీదకి వెళ్లింది.

"నన్ను చూస్తారేం?"

"ఖర్జూరం చెట్టంత ఉన్నావు బాబూ, చెయ్యెత్తితే పైదీ అందేది. చెరిపినవాళ్లకి అందలేదు." హునెరో బకెత్ చేతి గుడ్డ విప్పింది. "కాలితే బొబ్బలు ఇలా వేళ్ల మొదట్లో వరసగా లేవవు అక్కా. ఉలి పట్టుకుంటే లేస్తాయి."

బకెత్ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వాడు మునిగిన రోజు గట్టు మీద నాకు కునుకు పట్టింది... పూజారి రోజూ పేరు పిలుస్తాడు. పిలిచినప్పుడల్లా పిల్లాడు లేచి, తడి బట్టలతో నా దగ్గరికొస్తాడు. పేరు లేకపోతే పడుకుంటాడనుకున్నా."

"మరి నా దగ్గరికెందుకొచ్చావ్?"

"నెబ్రే ముక్కు పోతుందని. నా నోటితో చెప్పలేక."

కట్లు విప్పగానే నెబ్రే ముక్కు తడుముకున్నాడు. "నిచ్చెన తెండి, పైది చూసి రాసేస్తా. దీపంలో ఉప్పెయ్యండ్రా!"

"ఈవిడకి శిక్ష?" అన్నాడు కహా.

"రేపట్నుంచి పూజారి కాదు, ఈవిడే పిలవాలి. ఇప్పుడే మొదలెట్టక్కా."

"మెరిసూ..." పిలిచింది బకెత్.

తమెకెత్ చెవి రిక్కించింది. ప్రతి మాటనీ తిరిగి అనే గది ఈసారి ఏమీ అనలేదు. ఎవరో విని, పక్కకి తిరిగి పడుకున్నట్టు.