చెరుకు కాటా మీద మనిషి

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక ఆ చెరుకు కాటా దిక్కు పొద్దుగూకితే ఎవ్వరూ పోరు. మోస్రా ఊరికి పోయే తొవ్వల, ఒకప్పుడు చెరుకు బండ్లు తూకమేసిన జాగ అది. ఏడేండ్ల కింద కాటా కావలివాడు రామ్‌దాస్‌ను అక్కడనే కొట్టి చంపిండ్రు. అప్పటి సంది అమాస వస్తే చాలు... కాటా దిమ్మె మీద ఎవ్వరో నిలవడ్తరట. మాట్లాడరు. కదలరు.

అందరికన్న ఆశన్నకు ఆ జాగంటే ఎక్కువ భయం. ఆ కేసుల సాక్షి ఆయనే మరి. "నలభై అడుగుల దూరంకెల్లి సూసిన. అమాస చీకటైనా మొఖం గుర్తువట్టిన. కొట్టింది నరేషే" అని కోర్టుల ప్రమాణం జేసి చెప్పిండు. ఆశన్నకు నరేష్‌తోని పొలం గెట్టు పంచాయితీ ఉండె. ఆ రాత్రి ఆశన్న చూసింది మాత్రం ఏం లేదు. ఆ ఒక్క మాటకు నరేష్‌కు యావజ్జీవం పడ్డది.

మొన్న నిజామాబాద్ వకీలమ్మ త్రివేణి ఆశన్న ఇంటికొచ్చింది. తప్పుడు సాక్ష్యాలకు జైలుపాలైనోళ్ల కేసులు తిరగతోడుతదట.

"ఆ రాత్రి మొఖం నిజంగ కనవడ్డదా అన్నా?"

"పట్టపగల్లెక్క కనవడ్డది, పో" అని తలుపేసుకున్నడు.

ఆ అమాస నాడు బోధన్‌ల దావత్ తిని వస్తుంటే, కల్వర్టు తవ్విండ్రని ఆటో మలుపు కాడనే దించి పోయింది. ఇగ కాటా తొవ్వనే దిక్కు.

చెరుకాకు గలగలమంటున్నది. తన చెప్పుల సప్పుడుకు తనే ఉలిక్కిపడుకుంట నడుస్తున్నడు...

దిమ్మె మీద — ఎవ్వరో ఉన్నరు.

ఆశన్న ఆడనే ఆగిండు.

"నేనెవ్వలు?"

దిమ్మె మీదికెల్లి ఊపిరి లెక్క వచ్చింది మాట. ఆడో మగో తెలుస్తలేదు.

"రా... రామ్‌దాసన్నా... నేన్ నీకేం జెయ్యలే..."

"మొఖం సూసి చెప్పు."

"గింత చీకట్ల మొఖమెట్ల కనవడ్తది..."

"మరి ఆనాడెట్ల కనవడ్డది?"

ఆశన్న రెండు చేతులు జోడించిండు.

"కనవళ్లే... నరేష్‌ను నేను సూడనే లేదు. గెట్టు కోపానికి చెప్పిన. నన్నిడిసిపెట్టు..."

దబ్బున టార్చిలైటు వెలిగింది.

రామ్‌దాస్ కాదు. భూమవ్వ — నరేష్ తల్లి. ఆశన్న ఇంటికి గోడ అవతలి మనిషి. పొద్దున లేస్తే ఆయన చూసే మొదటి మొఖం. కొడుకు జైలుకు పోయిన సంది ప్రతి అమాసకు ఆమెనే ఇక్కడ నిలవడుతున్నది, ఒక్కనాడన్న ఆశన్న ఈ తొవ్వ పట్టకపోతడా అని. ఇయ్యాల దావత్‌కు పోయిండనీ, కల్వర్టు తవ్విండ్రనీ తెలిసి వకీలమ్మను పిలిపించింది.

చెరుకులకెల్లి త్రివేణి బయటికొచ్చింది. టేపు గుంజి కొలిచింది.

"ఇరవై రెండడుగులే అవ్వా. నలభై అడుగులకెల్లి సూసిన అన్నోడు, ఇంత దగ్గరికెల్లి నిన్నే గుర్తువట్టలే. మాటలన్నీ ఫోన్ల ఎక్కినయ్."

ఆశన్నకు రొమ్ము పట్టేసింది. ఆడనే కూలవడ్డడు. భూమవ్వ దిమ్మె దిగొచ్చి, ఆయన తల ఒళ్లె పెట్టుకొని, సీసల నీళ్లు నోట్లె పోసింది.

"తాగు బిడ్డా. ఇప్పుడే సావకు," అన్నది మెల్లగ. "జడ్జి ముంగట గీ మాట మల్ల చెప్పాలె. అటెన్క... నీ ఇష్టం."